గాలిమరల తిప్ప మీద పాటల పరస

బుధవారం, దారిలో

చలువ ఊరి నియమం ప్రకారం, ఆకాశం కింద గడిపే ప్రతి రోజూ ఇంటికొకరు మాటలు దాచే ఈ డబ్బీలో నమోదు చెప్పాలి. మా ఇంటి తరఫున చెబుతున్నది నేను, నాగవేణి. ఊళ్లో గాలి గొట్టాలు తుడిచే పని నాది. నాతో ఉన్నవాళ్లు నా భర్త కుళ్లాయప్ప, ఆయన అక్క హంపమ్మ. గాలిమరల తిప్ప మీద జరిగే పాటల పరసకు, అంటే పాటల తిరునాళ్లకు, వెళ్తున్నాం. ముగ్గురం ఆరోగ్యంగా ఉన్నాం. నీళ్లు సరిపడా ఉన్నాయి. నియమం కోసం చెప్పాల్సింది ఇంతే. మిగతాది నా ఇష్టానికి చెప్పుకుంటున్నాను.

తెల్లవారుతుండగా రాతిగని తలుపు తెరిచారు. మా ఊరు పాత గ్రానైట్ గని అడుగున ఉంటుంది కాబట్టి పైకి రావడానికే చాలాసేపు పట్టింది. మా ఎండబండి వెలుగు తగిలితేనే కదులుతుంది. సూర్యుడు గుట్ట దాటి పైకి వచ్చేదాకా ముగ్గురం దాని పక్కనే చతికిలబడి ఉగ్గాని తిన్నాం. కుళ్లాయప్ప ఊరి వంటశాలలో వండుతాడు. ప్రయాణం అనగానే ఉగ్గాని, ఊరుబిండి పచ్చడి, వేయించిన చెనక్కాయలు కట్టుకుని వచ్చాడు. గుడారం గుంజలు మాత్రం సగం మరిచిపోయాడు.

గుట్ట దిగగానే ఆయన ఉన్నట్టుండి "ఓహోయ్!" అని గట్టిగా కేక పెట్టాడు. నేను అదిరిపడ్డాను. మా ఊళ్లో ఏ వేళలో చూసినా సగం మంది నిద్రలో ఉంటారు. రాతిగోడలు చిన్న మాటను కూడా నాలుగు ఇళ్ల అవతలికి మోసుకుపోతాయి. అందువల్ల అందరం గొంతు తగ్గించి మాట్లాడతాం. పాటైనా కబురైనా గోడలో అమర్చిన పెట్టెకు చెవి ఆనించి వింటాం. గొంతెత్తి పాడటం అన్నది లేదు.

"ఏమిటికి అరిచినావు?" అని అడిగాను.

"ఏమిటికీ లేదు. అరవచ్చు గదా అని అరిచినా," అన్నాడు.

వదిన నవ్వింది. కానీ తను అరవలేదు. బండి అంచున కూర్చుని తోవ పొడుగునా పొలాల వంక చూస్తూనే ఉంది.

ఆమె సంగతి చెప్పాలి. తిప్ప కింద ఉన్న ఉప్పరపల్లె ఆమె అత్తగారి ఊరు. అక్కడే కలుపు తీస్తూ ఈరక్క అనే ఆమెతో జతగా పాడేది. ఒకరు పాటలో ప్రశ్న వేస్తే ఇంకొకరు పాటలోనే జవాబు చెప్పాలి. పరస ఆఖరి రోజు సాయంత్రం ఈ ఇద్దరి పోటీ వినడానికే జనం గుడారాలు ఎత్తకుండా ఆగేవాళ్లట. తర్వాత ఎండలు ముదిరాయి. వదిన భర్త చనిపోయాడు. కుళ్లాయప్ప వెళ్లి అక్కను చలువ ఊరికి తీసుకువచ్చాడు. ఉప్పరపల్లె వాళ్లు మాత్రం ఇళ్లను సగం భూమిలోకి తవ్వుకుని అక్కడే ఉండిపోయారు. ఏడేళ్లుగా పరస జరగలేదు. ఈ ఏడు ఎండ కాస్త నెమ్మదించింది కాబట్టి మళ్లీ పెట్టారు.

"ఈరి నన్ను గుర్తుపడుతుందంటావా?" అని వదిన నన్ను అడిగింది.

"నువ్వు ఆమెను గుర్తుపడతావా?"

"దాని నడక సూస్తే సాలు," అంది.

గురువారం, తిప్ప మీద

ఆరోగ్యం, నీళ్లు, అన్నీ బాగున్నాయి.

గాలిమరల తిప్ప అన్న పేరే గానీ ఇప్పుడు ఒక్క మర కూడా తిరగదు. స్తంభాల మొదళ్లు మిగిలాయి. రెక్కలు నేల మీద పడి ఉన్నాయి. ఒక్కో రెక్క మా వీధంత పొడవు. జనం వాటికే గుడారాలు కట్టుకున్నారు. అన్నిటికంటే పెద్ద రెక్కను వెల్లకిలా తిప్పి దాన్నే పాడేవాళ్ల అరుగు చేశారు.

మాకు గుంజలు లేవు కాబట్టి కుళ్లాయప్ప గుడ్డను రెక్క కిందికి దోపి, ఇంకో కొనకు రాళ్లు పెట్టాడు. గాలి వచ్చినప్పుడల్లా రాళ్లు దొర్లుతున్నాయి. పక్క గుడారంలో సముద్రం మీద తేలే ఊళ్ల నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంది. వాళ్ల ఇంటిపెద్ద కొంచెంసేపు చూసి, తాడు తెచ్చి, పడవ ముడి వేసి ఇచ్చాడు. అది కదిలితే ఒట్టు. మేం వాళ్లకు ఊరుబిండి పెట్టాం. వాళ్లు మాకు ఎండుచేప పెట్టారు. ఊరుబిండి కారానికి వాళ్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా మళ్లీ అడిగి వేయించుకున్నారు.

పొద్దున అంతా చెక్కభజన. చలువ ఊళ్ల వాళ్లందరూ మొదట్లో చేతుల్లో చెక్కలు మెల్లగా తాకిస్తున్నారు, ఎవరినో నిద్ర లేపుతామేమో అన్నట్టు. పరస పెద్ద దస్తగిరి అరుగు ఎక్కి, "ఎవురూ నిద్రపోలేదప్పా! కొట్టండి!" అని కేకేశాడు. ఆ తర్వాత తిప్ప దద్దరిల్లింది. నేను కూడా ఆడేవాళ్ల వలయంలో నిలబడి ఎగిరాను. పాదాలు ఎర్రమట్టిలో కూరుకుపోతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఈరక్క మధ్యాహ్నం వచ్చింది. పొడుగు మనిషి. ఒక కాలు కాస్త విసిరి నడుస్తుంది. వదిన దూరం నుంచే చూసి లేచి నిలబడింది. ఇద్దరూ దగ్గరికి వచ్చాక కౌగిలించుకుంటారని నేను ఎదురు చూశాను. ఈరక్క నడుం మీద చేతులు పెట్టుకుని వదినను కిందికీ మీదికీ చూసింది.

"తెల్లగయినావే హంపీ. గని లోపల బూజు పట్టినట్టుండావు."

"నువ్వు మాడిపోయినావు గదే ఈరీ. పెనం మీద మరిచిపోయిన రొట్టె మాదిరి."

అప్పుడు ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం రెక్క చాటున సాధన చేద్దామని కూర్చున్నారు. ఈరక్క ప్రశ్న ఎత్తింది. గొంతు గరుకుగా ఉన్నా తిప్ప కింది దాకా పోయేలా ఉంది. వదిన జవాబు అందుకుంది. మాటలు సరిగానే వచ్చాయి, రాగం కూడా సరిగానే ఉంది. కానీ ఆ పాట పక్కనున్న నాకు తప్ప ఇంకెవరికీ వినిపించలేదు. మళ్లీ ప్రయత్నించింది. మెడ నరాలు ఉబ్బాయి. గొంతు మాత్రం పైకి లేవలేదు. ఏడేళ్లు అణిచి పెట్టుకున్న గొంతు అది.

"రేపటికి వస్తాది లే," అంది ఈరక్క.

వదిన మూతి తుడుచుకుని నీళ్లు తాగింది.

శుక్రవారం, తిప్ప మీద

అందరం బాగున్నాం. కుళ్లాయప్పకు పాదాలు బొబ్బలెక్కాయి. కోలాటం ఆడితే వచ్చినవే కాబట్టి ఫిర్యాదు లేదట.

పొద్దున్నే వదినతో కలిసి ఈరక్క చేను చూడటానికి కిందికి దిగాను. కొర్ర వేసింది. కంకులు బయటికి వచ్చాయి కానీ గింజ ఇంకా పాలు పట్టలేదు. ఆకులు కొసల నుంచి చుట్టుకుపోతున్నాయి. ఈరక్క ఒక కంకిని వేళ్లతో నలిపి చూపించింది. లోపల ఏమీ లేదు, పొట్టు మాత్రమే.

"పోయిన విడత మా వంతు వాన పక్కకు పోయింది," అంది. "మబ్బులు తోలేటోళ్లు ఊరి మీదిదాకా తెచ్చి పోగొట్టుకున్నారు. గాలి తిరిగిందంట. మళ్లీ మా వంతు వచ్చేలోపల యీ పంట ఉండదు."

మా చలువ ఊరికి వాన వంతులతో పని లేదు. భూమి లోపలి ఊట మాకు సరిపోతుంది. పైన ఉన్న పల్లెలకు మాత్రం ఆకాశంలో ఓడలు సముద్రం మీద నుంచి మబ్బులు తోలుకొచ్చి వంతులవారీగా కురిపిస్తాయి. ఆ సంగతి గోడపెట్టెలో వినడమే తప్ప, ఒక్క వంతు పోతే చేను ఎలా ఉంటుందో నేను ఇదే మొదటిసారి చూడటం.

పైకి వచ్చేసరికి తత్వాలు మొదలయ్యాయి. తంబూర పట్టుకున్న ముసలాయన కళ్లు మూసుకుని పాడుతుంటే, చుట్టూ కూర్చున్నవాళ్లు వంత అందుకుంటున్నారు. పక్కనే కొందరు కుర్రవాళ్లు పాత కంచె తీగలతో చేసిన వాయిద్యం వాయిస్తున్నారు. మొదట చెవులు గింగురుమన్నాయి గానీ రెండో పాటకు నచ్చేసింది. మధ్యాహ్నం సంకటి తిని రెక్క నీడలో కునుకు తీశాను. ఇంత ప్రశాంతంగా ఎప్పుడు నిద్రపోయానో గుర్తులేదు.

జనం గోలకు మెలకువ వచ్చింది. అందరూ తిప్ప అంచున నిలబడి కిందికి చూస్తున్నారు. ఉప్పరపల్లెలో ఊరి కొయ్య మీద నీలం గుడ్డ ఎగురుతోంది. వాన వస్తోందన్న కబురు అది.

కాసేపటికి దస్తగిరి అరుగు ఎక్కి సంగతి చెప్పాడు. ఎగువనున్న పల్లె వాళ్లకు కోతలు ముందే అయిపోయాయి, వాన వద్దన్నారు. ఆ మబ్బును రేపు సాయంత్రం ఉప్పరపల్లె మీద కురిపిస్తామని వాన వంతులు చూసే కచేరి నుంచి కబురు వచ్చింది. మబ్బును ఒక్కచోటే పగలగొడతారు కాబట్టి వాన చినుకుల్లా పడదు, కుమ్మరించినట్టు పడుతుంది. నీళ్లన్నీ తిప్ప మీద నుంచి జారి చేలల్లోకి దిగుతాయి. కాబట్టి ఆ సమయానికి తిప్ప మీద ఒక్క మనిషి, ఒక్క గుడారం కూడా ఉండకూడదు. ఉంటే మబ్బును తర్వాతి పల్లెకు తోలుకుపోతారు. మబ్బును ఆపి ఉంచడం ఎవరి వల్లా కాదు.

రేపు సాయంత్రమే పరస ముగింపు. వదినా ఈరక్కా పాడాల్సింది రేపే.

"మీ ఊరోళ్లు ఏమంటాండారు?" అని ఎవరో అడిగారు.

దస్తగిరిది కూడా ఉప్పరపల్లే. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "మా ఊరోళ్లు వాన వద్దనుకున్నారు. ఏడేండ్ల తరువాత పిలిస్తే వచ్చినారు మీరు. మిమ్మల్ని లేపి పంపించేది లేదు. ఆడండి, పాడండి."

కొంతమంది చప్పట్లు కొట్టారు. సముద్రం ఊళ్ల వాళ్లు ఊరటపడ్డారు. వాళ్లు ఎంతో దూరం నుంచి వచ్చారు, మళ్లీ వస్తామో లేదో తెలియని వాళ్లు. వాళ్లను తప్పు పట్టలేను.

వదిన గుంపులో నుంచే ఏదో చెప్పబోయింది. పెదవులు కదిలాయి. ఆమె ముందున్నవాడికి కూడా వినిపించలేదు. చేయి ఎత్తింది. ఎవరూ చూడలేదు. ఉరుములనే పెద్ద డోళ్లు వాయించేవాళ్లు దరువు మొదలుపెట్టారు, గుంపు అటు కదిలిపోయింది.

తర్వాత వదిన గుడారం ముందు ఒంటరిగా కూర్చుని కనిపించింది. అరచేతిలో ఆ ఎండు కంకి ఉంది.

ఆదివారం పొద్దున, ఉప్పరపల్లెలో

శనివారం నమోదు చెప్పలేదు. చెప్పే తీరిక లేదు. ముగ్గురం క్షేమం. ఇప్పుడు చెబుతాను.

శనివారం నిద్ర లేచేసరికి గుడ్డ నా మొహం మీద పడింది. గాలికి అనుకున్నాను. బయటికి వస్తే వదిన పడవ ముడి విప్పుతోంది. సముద్రం ఊరాయన ఆశ్చర్యంగా చూస్తున్నాడు.

"ఏం చేస్తాండావక్కా?" అన్నాడు కుళ్లాయప్ప.

"నా గుడారం నేను ఎత్తుకుంటాండా. పట్టురా ఆ కొన."

ఆయన నా వంక చూశాడు. నేను కొన పట్టుకున్నాను. ముగ్గురం గుడ్డ మడిచి, అందరూ నడిచే దారిలో, అరుగు ముందు నుంచే బండి దగ్గరికి మోసుకుపోయాం. మళ్లీ వచ్చి గిన్నెలు మోశాం. మూడోసారి వచ్చేసరికి ఈరక్క ఎదురుగా నిలబడి ఉంది. ఎవరో వెళ్లి చెప్పినట్టున్నారు. పరిగెత్తుకుంటూ తిప్ప ఎక్కింది, రొప్పుతోంది.

"ఎవురు అడిగినారే నిన్ను? మేము వద్దనుకున్న వాన నీకెందుకు?"

"నీ చేను సూసినా ఈరీ."

"నా చేను నా ఇష్టం! ఏడేండ్లు కాసుకోనుండా యీ దినం కోసరం. పంట పోతే మళ్లీ ఏసుకుంటా. నువ్వు మళ్లీ వస్తావా?"

వదిన నెమ్మదిగానే మాట్లాడింది. అయితే ఇప్పుడు చుట్టూ జనం చేరారు, అందరూ నోరు మూసుకుని వింటున్నారు.

"నాకు గొంతు లేదే. అరుగెక్కినా నా పాట నీకొక్కదానికే వినపడతాది. దానికోసరం మీ ఊరి తిండి పోగొట్టేదా? ఎండిపోయిన చేను పక్కన నిలబడి నేను పాడలేను. నావల్ల కాదు."

ఈరక్క గుడ్డ కొన లాక్కుంది. వదిన వదల్లేదు. ఇద్దరూ చిన్నపిల్లల్లా అటూ ఇటూ గుంజుకున్నారు. అంతలో సముద్రం ఊరాయన లేచి, తన గుడారం ముడి విప్పాడు. అతని భార్య పిల్లల్ని లేపింది. అవతల కంచె తీగల కుర్రవాళ్లు తమ సామాను సర్దడం మొదలుపెట్టారు. తంబూర ముసలాయన తన చాప చుట్టాడు. మాటలు లేకుండానే తిప్ప అంతా కదిలింది. ఈరక్క గుడ్డ వదిలేసి అక్కడే కూలబడి ఏడ్చింది. దస్తగిరి తలపాగా అడ్డం పెట్టుకున్నాడు గానీ అతని భుజాలు అదురుతున్నాయి.

వాన హద్దుకు అవతల, వాగు దాటాక చెట్టూ చేమా లేని చిన్న గుట్ట ఉంది, బోడిగట్టు అంటారు. అక్కడికి చేరితే చాలు. ఎండబండ్ల మీద తేలికే అనుకున్నాం. అయితే మధ్యాహ్నానికే తూర్పున మబ్బు కనబడింది. ఎత్తున ఓడలు చీమల్లా దాని చుట్టూ కదులుతున్నాయి. ఎంత నల్లగా ఉందంటే, అది పైకి వచ్చే కొద్దీ పగలే మసక కమ్మింది. బండ్లు ఒకదాని వెనక ఒకటి నెమ్మదించి వాగులో ఆగిపోయాయి. నీళ్లు దిగేది ఆ వాగులోకే.

అప్పుడు చూడాలి. ఉప్పరపల్లెలో మనిషన్న ప్రతి ఒక్కరూ తాళ్లు తీసుకుని వాగులోకి వచ్చారు. ఒక్కో బండికి పదిమంది. ఉరుముల వాళ్లు బోడిగట్టు మీదికి ఎక్కి దరువు వేశారు, ఆ దరువుకు మేం లాగాం. దరువు దగ్గర అడుగు, దరువు దగ్గర అడుగు. కుళ్లాయప్ప బొబ్బల కాళ్లతోనే మా బండి కాక ఇంకో రెండు బండ్లు లాగాడు. పసిపిల్లల్ని చేతుల మీద దాటించారు. ఆఖరి బండి గట్టెక్కేసరికి అందరం మట్టికొట్టుకుపోయి, ఎవరు ఏ ఊరివాళ్లో తెలియకుండా అయిపోయాం.

బోడిగట్టు మీద లెక్క చూసుకుంటే వదిన లేదు.

"ఈరక్కతో చేలోకి పోయింది," అని దస్తగిరి చెప్పాడు. "చేను గట్టుకు మరవ తెరవాల. చేను నిండినాక నీళ్లు పోయే దారి తీయకపోతే పైరు కొట్టుకోని పోతాది. చేను గల్లోళ్లు ఎవురి చేను కాడ వాళ్లుండారు. ఈరక్కకు ఇంకెవురూ లేరు గదా."

నేను మళ్లీ వాగు దాటి పరిగెత్తాను. కుళ్లాయప్ప వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

వాళ్లిద్దరూ చెరొక పార పట్టుకుని చేను గట్టు మీద నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఈరక్క మూడో పార అందించింది. మరవ కాడ రాళ్లు తీసి పక్కన పేర్చాం. ఇక చేయాల్సిన పని లేదు, వాన రావాలి. మబ్బు నెత్తి మీదే ఉంది. గాలి లేదు. ఒక్క చినుకు లేదు. బోడిగట్టు మీద జనం చుక్కల్లా కనబడుతున్నారు, వాళ్లు కూడా నిశ్శబ్దంగా ఉన్నారు. చాలాసేపు అలాగే గడిచింది.

"పోయిన సారీ ఇట్లే నిలబడింది," అంది ఈరక్క. "నిలబడి, నిలబడి, తిరుక్కోని పోయింది."

వదిన తల పైకెత్తి చూసింది. "ఈ సారి పోతే నేను ఊరుకోను," అంది.

"ఏం చేస్తావే? తిడతావా?"

"తిడతా."

ఈరక్క చిన్నగా నవ్వి, పార మీద గడ్డం ఆనించి, పాట ఎత్తింది. కలుపు పాటే.

"ఏలాలో నా యక్క, ఎవరి చేను ఎండినాది?
ఏ మబ్బు మాటిచ్చి ఎదురు చూడ పెట్టినాది?"

వదిన జవాబు అందుకుంది. ఎప్పటిలాగే సన్నగా. ఈరక్క మళ్లీ అడిగింది. అప్పుడే పైన ఏదో పగిలినట్టు చప్పుడైంది. వాన పడింది అనడం సరిపోదు. ఆకాశం మా మీదికి దిగింది. ఎదురుగా ఉన్న మనిషి కనబడలేదు. కంకులన్నీ ఒక్కసారిగా వంగాయి. నేను గట్టు మీద కూర్చుండిపోయాను.

ఆ హోరులో ఈరక్క పాట నాకు వినిపించలేదు. వదినకూ వినిపించలేదు.

"ఏమే? ఏమన్నావు?" అని వదిన అరిచింది.

నిజంగా అరిచింది. నేను విన్నాను. ఈరక్క కూడా విన్నది. వాన తెరలో నుంచి ఆమె గొంతు వచ్చింది: "జవాబు సెప్పు హంపీ! జవాబు సెప్పు!"

వదిన పారను మట్టిలో గుచ్చి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, పాట ఎత్తింది.

"ఏలాలో నా చెల్లె, ఎండినాది నీ నోరే!
మబ్బు మాట తప్పలేదు, తడిసినాది నీ కొంగే!"

అది అందమైన గొంతు అని చెప్పను. మొదట చీలింది, మధ్యలో దగ్గు వచ్చింది. కానీ అది వాన చప్పుడును దాటుకుని పోయింది. గొంతు తగ్గించి బతికిన మనిషిలో ఇంత గొంతు ఎక్కడ దాగిందో! ఈరక్క ఇంకో ప్రశ్న వేసింది, వదిన ఇంకో జవాబు చెప్పింది. పాత మాటలు అయిపోతే కొత్తవి కట్టారు. నన్ను కూడా పాటలోకి లాగి, గని నుంచి వచ్చిన తెల్ల మరదలు పారను గరిటెలాగా పట్టిందని వెక్కిరించారు. పాడుతూనే నీళ్లు ఎక్కడ నిలిచాయో చూశారు, పాడుతూనే మరవ వెడల్పు చేశారు. నేను నవ్వుతూ, తడుస్తూ, వాళ్లు చెప్పిన చోటల్లా తవ్వాను.

వాన తెరిపి ఇచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. మరవ నుంచి ఎర్రనీళ్లు దూకుతున్నాయి. చేను నిండా నీళ్లు, నీళ్ల పైన కంకుల కొసలు. అప్పుడు బోడిగట్టు వైపు నుంచి వినిపించింది. డోళ్లూ, చెక్కలూ, తీగలూ, అందరూ కలిసి కొడుతున్నారు. వదిన పాట అక్కడిదాకా పోయిందా అని తర్వాత కుళ్లాయప్పను అడిగాను. మాటలు తెలియలేదు గానీ వాన ఆగుతుండగా ఇద్దరు ఆడవాళ్ల గొంతులు వచ్చాయని, గట్టు మీద ఎవరూ కదలకుండా విన్నారని చెప్పాడు. అక్క గొంతు తనకు తెలుసునని చెప్పి కాస్త పక్కకు తిరిగాడు.

రాత్రికి తిప్ప మీదికి ఎవరూ ఎక్కలేదు. ఉప్పరపల్లె వాళ్లు అందరినీ తమ ఇళ్లలోకి పిలిచారు. సగం భూమిలో ఉన్న ఇళ్లు, ఒక్కో దాంట్లో ముప్ఫై మంది. కాళ్లు చాపుకునే చోటు లేదు. ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయాం.

ఆదివారం, తిరుగుదారిలో

ఇద్దరం ఆరోగ్యంగా ఉన్నాం. పొద్దుటి నమోదులో ముగ్గురని చెప్పాను. హంపమ్మ తన ఇష్టంతోనే ఉప్పరపల్లెలో ఆగిపోయింది. ఎండలు ముదిరేదాకా ఉంటానంది. ఆ తర్వాత సంగతి అప్పుడు చూసుకుంటుందట. తిరిగి వెళ్లాక ఊరివాళ్లు దీని గురించి అడుగుతారని తెలుసు. అడగనివ్వండి.

పొద్దున ఆమె ఆ మాట చెప్పినప్పుడు కుళ్లాయప్ప ఒప్పుకోలేదు.

"నీ ఒళ్లు తట్టుకోదక్కా. ఎండ నీకు అలవాటు తప్పింది."

"తప్పిన అలవాటు మళ్లీ అయితాది లే అబ్బీ."

"నేను తెచ్చి పెట్టుకున్న అక్కవు నువ్వు. వదిలిపెట్టి ఎట్ల పోవాల?"

"నువ్వు తెచ్చినావు కాబట్టే బతికినా," అంది వదిన. ఆయన తల మీద చేయి పెట్టింది. "గింజ పాలు పట్టాల. కోత కొయ్యాల. ఈరికి నేను తప్ప ఇంకెవురుండారు? కొర్రలు అంపిస్తా, అన్నం వండి మీ ఊరోళ్లకు పెట్టు."

ఆయన ఇక వాదించలేదు. తను దాచుకున్న చెనక్కాయల మూట తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

సముద్రం ఊరాయన వెళ్తూ వెళ్తూ మా గుడ్డకు ఇంకో ముడి వేసి చూపించాడు. ఈసారి నేనే నేర్చుకున్నాను. దస్తగిరి వచ్చే ఏడు కూడా పరస పెడతానన్నాడు. తిప్ప మీదా, బోడిగట్టు మీదా అన్నది ఊరంతా కూర్చుని తేల్చుకుంటారట.

ఆకాశం కడిగినట్టు ఉంది. బండి గట్టిగా కదిలింది. ఈరక్క చేను పక్క నుంచే దారి. నీళ్లు చాలావరకు ఇంకాయి, చుట్టుకుపోయిన ఆకులు కొన్ని విప్పుకున్నాయి. అందరూ పిండేసిన బట్టల్లా అలసిపోయి ఉంటే, ఆ ఇద్దరు ఆడవాళ్లు మాత్రం గట్టు మీద ఉన్నారు. కుళ్లాయప్ప బండి ఆపి చేయి ఊపాడు. నేనూ ఊపాను. వాళ్లు చూడలేదు. నిన్న వానలో ఎవరు పాటలో మాటలు తప్పుగా పాడారన్న దాని మీద తగువు పడుతున్నారు. వదిన బురద చేతిని గాల్లో ఊపుతూ, పొలమంతా వినబడేలా, తప్పు నీదే, నీదే అని అరుస్తోంది.